ముఖ్య అతిథి కుర్చీ వద్దు, విజిల్ ఇవ్వండి

డిసెంబరు, జనవరి నెలలొస్తే మా హైదరాబాద్ స్కూళ్ళలో స్పోర్ట్స్ డేలు వరసపెట్టి జరుగుతాయి. గేటు బయట ఫ్లెక్సీ. దాని మీద ఒకప్పుడు దేశానికో రాష్ట్రానికో ఆడి రిటైరైన మనిషి ఫోటో, పక్కనే అంతకన్నా ఓ పిసరు పెద్దగా కరస్పాండెంట్ గారి ఫోటో. మార్చ్‌పాస్ట్ అయిపోయాక ఆ మాజీ ఆటగాడికి మైకు ఇస్తారు. పొద్దున్నే లేవండి, అమ్మానాన్నల మాట వినండి, ఫోన్ పక్కన పెట్టండి, ఓడితే కుంగిపోకండి, గెలిస్తే పొంగిపోకండి. మొక్కై వంగనిది మానై వంగునా అని వేదిక మీద ఎవరో ఒకరు అనందే సభ పూర్తి కాదు. తర్వాత శాలువా, మెమెంటో, సెల్ఫీలు. ఎండలో కూచున్న పిల్లలు కొట్టమన్నప్పుడల్లా చప్పట్లు కొడతారు.

ఈ మధ్య ఇది ఏసీ ఆడిటోరియంలోకి కూడా చేరింది. పేరు 'క్యారెక్టర్ బిల్డింగ్ వర్క్‌షాప్'. మనిషి అదే, మాటలు అవే, స్లైడ్లు అదనం. ఫీజు రసీదులో ఒక లైను కూడా అదనం.

రిటైరైన ఆటగాళ్ళు బడి పిల్లలకు నడవడి నేర్పడం అనే ఆలోచనతో నాకు పేచీ లేదు. ఆ పని వాళ్ళంత బాగా చేయగలిగినవాళ్ళు తక్కువమంది అని కూడా నా నమ్మకం. పేచీ అంతా ఆ మైకుతోనే. నేర్పగల మనిషిని పట్టుకొచ్చి నేర్పలేని చోట నిలబెడుతున్నాం. ఇరవై నిమిషాలు వేదిక మీద మాట్లాడించి పంపేసే బదులు ఆ మనిషికి ఏడాది పొడుగునా గ్రౌండు, జీతం, విజిల్ ఇవ్వాలన్నది నా వాదన.

ఆటలు ఆడితే మంచి బుద్ధులు వాటంతట అవే వస్తాయనీ, పతకం తెచ్చినవాడు మంచివాడై తీరతాడనీ మనం గట్టిగా నమ్ముతాం. ఇది నిజమా అని ఎవరూ అడగరు. అమెరికాలో బ్రూస్ ఓగిల్వీ, థామస్ టుట్కో అనే ఇద్దరు స్పోర్ట్స్ సైకాలజిస్టులు అడిగారు. ఎనిమిదేళ్ళపాటు సుమారు 15,000 మంది క్రీడాకారుల్ని పరిశీలించి 1971లో ఒక వ్యాసం రాశారు. ఆట గుణాన్ని తయారుచేస్తుందనడానికి తమకు ఆధారం దొరకలేదని తేల్చారు. గట్టి మనుషులు పై స్థాయిలో కనిపిస్తారు, నిజమే. అయితే వాళ్ళు అప్పటికే గట్టివాళ్ళు. మిగతావాళ్ళను ఆట దారిలోనే వడగట్టి పారేసింది. మనం పైన మిగిలిన నలుగుర్ని చూసి, ఆటే వాళ్ళను ఇలా చేసిందని మురిసిపోతాం.

నీతి పాఠాల సంగతి ఇంకా పాతది. హ్యూ హార్ట్‌షోర్న్, మార్క్ మే అనే ఇద్దరు పరిశోధకులు 1920ల చివర్లో అమెరికాలోనే దాదాపు 11,000 మంది బడి పిల్లలకు కాపీ కొట్టే అవకాశం, దొంగ లెక్క చెప్పే అవకాశం, ఆటలో మోసం చేసే అవకాశం కల్పించి, ఎవరు ఎక్కడ ఏం చేస్తారో చూశారు. పరీక్షలో నిజాయితీగా ఉన్న పిల్లవాడు ఆటలో మోసం చేశాడు. ఆటలో నిక్కచ్చిగా ఉన్నవాడు ఇంటి దగ్గర చేసే పనిలో అబద్ధం చెప్పాడు. నిజాయితీ అంటే ఏమిటో బాగా చెప్పగలిగిన పిల్లలు ఎక్కువ నిజాయితీగా ఉంటారన్న ఆశ కూడా పెద్దగా నిలవలేదు. మనకు దీనికి పరిశోధన అక్కర్లేదు లెండి. శతక పద్యాలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పి ఫస్టు ప్రైజు కొట్టినవాడే మా క్లాసులో స్లిప్పులు రాయడంలోనూ ఫస్టు.

ఇక మంచివాడన్న పేరు సంగతి. 2000 సంవత్సరం మార్చి దాకా, క్రికెట్‌లో పిల్లలకు బుద్ధులు చెప్పడానికి ఒక్కర్ని ఎంచుకోమంటే చాలామంది హాన్సీ క్రోన్యే పేరు చెప్పేవారు. దైవభక్తి, క్రమశిక్షణ, దక్షిణాఫ్రికా దేశం మొత్తం నెత్తిన పెట్టుకున్న కెప్టెన్. ఏప్రిల్‌లో ఢిల్లీ పోలీసులు బుకీతో ఆయన మ్యాచ్ ఫిక్సింగ్ మాట్లాడిన టెలిఫోన్ సంభాషణలు బయటపెట్టారు. అక్టోబరుకు జీవితకాల నిషేధం.

మన హైదరాబాదీ క్రికెట్ కెప్టెన్ అజరుద్దీన్, అదే మన అజర్, సంగతి ఇంకా దగ్గరిది, ఇంకా చిక్కుది. మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు, మొత్తం 99 టెస్టులు, 2000 డిసెంబరులో అదే ఫిక్సింగ్ ఆరోపణ మీద క్రికెట్ బోర్డు విధించిన జీవితకాల నిషేధం, 2012 నవంబరులో ఆ నిషేధం చెల్లదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు. ఆ కథలో ఏది ఎంత అని తేల్చడానికి నేను కూచోలేదు. నేను చెప్పేది మా సంగతి. మేం గల్లీలో టెన్నిస్ బాల్‌తో ఆడుతూ ఆయనలాగే కాలర్ పైకెత్తుకున్న పిల్లలం. ఆ మణికట్టు నుంచి మేం నేర్చుకోవాలనుకున్నది లెగ్‌సైడ్ ఫ్లిక్కు. అది కూడా రాలేదు, కాలర్ మాత్రం వచ్చింది. మంచీచెడూ ఆయన మాకు నేర్పాలని అప్పుడు మాలో ఎవరికీ తోచలేదు. ఆ బాధ్యత తర్వాత మనమే ఆటగాళ్ళ నెత్తిన పెట్టాం. 1993లో చార్లెస్ బార్క్‌లీ అనే అమెరికన్ బాస్కెట్‌బాల్ ఆటగాడు బూట్ల కంపెనీ ప్రకటనలోనే తేల్చి చెప్పాడు, నేను మీ పిల్లలకు ఆదర్శం కాను, అది అమ్మానాన్నల పని అని. పెద్ద దుమారమే లేచింది. బూట్లు అమ్ముకుంటూ ఆ మాట అనడం గడుసుతనమే. మాట మాత్రం అబద్ధం కాదు.

మరి ఆటలో బుద్ధి నేర్పడం అసలు కుదరదా? కుదురుతుంది. కుదిరినట్టు రుజువు ఈ ఊళ్ళోనే ఉంది.

సయ్యద్ అబ్దుల్ రహీం పేరు ఫుట్‌బాల్ చూసేవాళ్ళకు కొత్త కాదు. 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో బంగారు పతకం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఇవన్నీ ఆయన భారత జట్టుకు కోచ్‌గా ఉన్నప్పుడు వచ్చినవే. ఇటు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ ఎత్తుకొచ్చింది, అదీ ఆయన చేతి కిందే. ఇవన్నీ అందరికీ తెలిసినవి. తక్కువ మాట్లాడుకునేది ఏమిటంటే, రహీం సాబ్ వృత్తి రీత్యా స్కూలు మాస్టారు. కుర్రతనంలో ఉస్మానియా యూనివర్సిటీకి ఆడి, తర్వాత కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పిన మనిషి. అంటే మనం ఇప్పుడు మాట్లాడుకుంటున్న మాజీ ఆటగాడు, టీచరు, ఇద్దరూ ఆయనలోనే ఉన్నారు.

ఆయన పెట్టించిన టోర్నమెంట్ల గురించి చదివినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. ఒక టోర్నమెంట్‌లో డ్రిబ్లింగ్ నిషేధం. బంతిని కాలి దగ్గర పెట్టుకుని ఒకణ్ణి దాటి, ఇంకొకణ్ణి దాటి విన్యాసాలు చేయడానికి లేదు. అందుకున్నావా, ఇచ్చేయ్. ఇంకో దాంట్లో బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం వాడు ఎడమకాలితో తన్నాలి. జట్టులో మొనగాడనుకున్నవాడు కూడా ఆ రోజు తడబడతాడు, పక్కవాడి అవసరం తెలుస్తుంది.

స్వార్థం మానండి, కలిసి ఆడండి అని ఆయన ఉపన్యాసం ఇచ్చి ఉండొచ్చు. ఇచ్చే ఉంటాడు, మాస్టారు కదా. కానీ ఆయన ఆ మాటతో ఆగలేదు. స్వార్థంగా ఆడితే ఆటే సాగని నియమాలు పెట్టాడు. పిల్లవాడు పాస్ ఇవ్వడం ఒక మంచి గుణమని వినలేదు. ఇవ్వక తప్పని చోట నిలబడి, ఇచ్చి, తిరిగి అందుకుని, అందులో ఉన్న సుఖం కాలితో తెలుసుకున్నాడు. పెద్దవాళ్ళం మనం నీతి అని పిలిచేది అక్కడ ముందు అలవాటుగా పుట్టింది. హార్ట్‌షోర్న్, మే పిల్లల్లో చూసింది ఇదే కదా, నిజాయితీ ఉపదేశంతో కదలదు, సందర్భంతో కదులుతుంది. సందర్భాన్ని తయారుచేయగలవాడు కావాలి. మైకు ముందు నిలబడ్డవాడి చేతిలో సందర్భం ఉండదు. విజిల్ పట్టుకున్నవాడి చేతిలో ఉంటుంది.

నాకు దీని మీద ఇంత పట్టు రావడానికి బ్యాంకులో నా పక్క సీటు మిత్రుడు ఒక కారణం. ఒకప్పుడు రాష్ట్ర జట్టుకు కబడ్డీ ఆడాడు. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చింది, ముప్పై దాటాక మోకాలు ఆట మాన్పించింది. ఇప్పుడు పగలు లోన్ ఫైళ్ళు, సాయంత్రం మల్కాజిగిరి వైపు ఒక బస్తీ గ్రౌండులో పిల్లలకు కబడ్డీ. డబ్బు తీసుకోడు. కబడ్డీ తెలియని వాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. కూతకు వెళ్ళినవాడు అవతలి ఆటగాడి వేలి కొసను తాకి వచ్చినా అది పాయింటే. ఆ దుమ్ములో, ఆ పెనుగులాటలో తగిలిందా లేదా అన్నది ఒక్కోసారి ఆ ఇద్దరికే తెలుస్తుంది. ఒక్కోసారి తగిలించుకున్నవాడికే తెలుస్తుంది. టీవీలో వచ్చే లీగులో రివ్యూ ఉంది, స్లోమోషన్ ఉంది. బస్తీ గ్రౌండులో ఏముంది?

ఆయన పెట్టిన నియమం ఒక్కటే. ప్రాక్టీసులో అంపైర్ ఉండడు. తగిలినవాడే చెయ్యెత్తాలి. మొదట్లో ఒక్కడూ ఎత్తలేదని చెబుతాడు. ప్రతి కూతకూ కొట్లాట. తల్లుల మీద ఒట్లు. ఈయన గట్టు మీద కూచుని చూసేవాడట. "నేను లేసి చెప్తే అయిపోతదన్నా. రోజూ నన్నే లేపుతరు. లొల్లి వాళ్ళది, వాళ్ళే తెంపుకోవాలె." ఆట ముందుకు పోకపోతే చీకటి పడుతుంది, చీకటి పడితే ఇంటికి పొమ్మంటాడు. ఆట కావాలంటే ఒప్పుకోవాలి. అలా విసుగెత్తి ఎత్తడం మొదలుపెట్టారు చేతులు. ఏ గొప్ప పరివర్తనా కాదు. అబద్ధం చెబితే ఆట పోతుందని పిల్లలకు లెక్క తెలిసింది, అంతే. లెక్కతో మొదలైంది ఎప్పుడు అలవాటైందో నేను అడిగాను, ఆయనకూ తెలియదు.

ఒక విషయంలో మాత్రం మేమిద్దరం ఏకీభవించం. ప్రాక్టీసు సరే, అంపైర్ ఉన్న అసలు మ్యాచ్‌లో? అంపైర్ చూడలేదు, నీకు తగిలింది, చెయ్యెత్తాలా? ఎత్తాలి అంటాను నేను. 1980 ఫిబ్రవరిలో బొంబాయి టెస్టు గుర్తుచేస్తాను. ఇంగ్లండ్ 58 పరుగులకు ఐదు వికెట్లు పోగొట్టుకుని ఉంది. బాబ్ టేలర్‌ను అంపైర్ అవుట్ ఇచ్చాడు, బంతి బ్యాటుకు తగల్లేదని మన కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్ వెనక్కి పిలిచాడు. టేలర్, బోథమ్ కలిసి 171 పరుగులు జోడించారు, మనం పది వికెట్ల తేడాతో ఓడాం. నలభై ఏళ్ళు దాటినా ఆ టెస్టు పేరెత్తితే మనకు ముందు ఆ పిలుపే గుర్తొస్తుంది అంటాను.

దానికి ఆయన జవాబు ఇది: "విశ్వనాథ్ ఆ రోజు కెప్టెన్ అన్నా. కెప్టెన్ చేస్తే గొప్పతనం అంటరు. మావోడు పద్నాలుగేండ్ల పోరడు, జిల్లా సెలక్షన్ల ఉన్నడు. వాడు చెయ్యెత్తితే రేపు బయట కూసుంటడు. వానికి నేనేం చెప్పాలె?" చెప్పకుండా వదిలేస్తాడట. ఎత్తమనడు, ఎత్తవద్దనడు. ఎత్తినవాణ్ణి జట్టులోంచి తీసేస్తే మాత్రం వెళ్ళి ఆ సెలెక్టరుతో గొడవ పెట్టుకుంటాడు. నాకు ఇది పూర్తిగా నచ్చలేదు, అయినా దీనికి నా దగ్గర ఎదురుమాట లేదు. ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్పగలను. ఈ చిక్కు ఏ ముఖ్య అతిథి ప్రసంగంలోనూ నేను వినలేదు. నిజాయితీగా ఉండండి అనడం తేలిక. నిజాయితీకి రేటెంత, అది ఎవరి జేబులోంచి పోతుంది అన్నది ఆడినవాడికే తెలుసు.

మాజీ ఆటగాడికి తెలిసినదీ మనం అడగనిదీ ఇంకొకటుంది. అది ఓడిపోవడం, పక్కన పెట్టబడటం, అయిపోవడం. వేదిక మీద గెలిచిన మ్యాచ్ గురించే అడుగుతాం. క్రికెటర్ వి.వి.ఎస్. లక్ష్మణ్ అంటే ఈడెన్ గార్డెన్స్‌లో 281. నన్నడిగితే పిల్లలకు చెప్పాల్సింది 2003. డాక్టర్ దంపతుల కొడుకు, మెడిసిన్ కాదని బ్యాటు పట్టినవాడు, 281 కొట్టిన రెండేళ్ళకే ప్రపంచకప్ జట్టులో చోటు దొరకలేదు. 134 టెస్టులు ఆడి, ఒక్క ప్రపంచకప్ మ్యాచ్ కూడా ఆడకుండా రిటైరయ్యాడు. మిథాలీ రాజ్ అంటే రికార్డులు. 2018 నవంబరులో టీ20 ప్రపంచకప్ సెమీఫైనల్ రోజు, అప్పటికే ఆ టోర్నీలో రెండు అర్ధసెంచరీలు చేసిన మనిషి బెంచీ మీద కూచుని జట్టు ఓడిపోవడం చూసింది. తర్వాత నోరు మూసుకోలేదు, బోర్డుకు ఉత్తరం రాసింది. ఆ సాయంత్రం బెంచీ మీద ఏమనిపించింది, ఆ ఉత్తరం రాసే ముందు ఏం ఆలోచించారు అని ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగితే, ఆమె జవాబు చెబితే, నేను సెలవు పెట్టుకుని వచ్చి వింటాను.

ఇది ఈ ఊరికి ఎందుకు అవసరమో తెలుసుగా. అపార్ట్‌మెంటు గోడల నిండా ర్యాంకుల ఫోటోలు అంటించిన నగరం ఇది. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల గందరగోళం తర్వాత మన రాష్ట్రంలో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తప్పులో మొదటి వాటా పిల్లలది కానే కాదు, వ్యవస్థది. అయినా, ఫెయిలవడం అంటే ఏమిటో, దాని మర్నాడు పొద్దున ఎలా ఉంటుందో అనుభవం మీద చెప్పగల పెద్దమనిషి ఆ పిల్లల చుట్టూ ఎంతమంది ఉన్నారు? ఇంట్లో ఓటమి మాట ఎత్తనివ్వం. బడిలో టాపర్ల పేర్లే చదువుతారు. వారం వారం ఓడి, మళ్ళీ సోమవారం ప్రాక్టీసుకు వెళ్ళడం వృత్తిగా బతికినవాళ్ళు ఆటగాళ్ళు మాత్రమే. పైగా, ముప్పై మూడేళ్ళకు తనను తాను ఏమనుకున్నాడో ఆ పని మొత్తంగా పోగొట్టుకుని ఇంకో మనిషిగా మళ్ళీ మొదలెట్టినవాళ్ళు. నా మిత్రుడు ఉద్యోగంలో చేరిన కొత్తలో పాస్‌బుక్ ప్రింటింగ్ కౌంటర్‌లో కూచునేవాడు. ఆదివారం టోర్నమెంట్‌లో భుజాల మీద ఎత్తుకున్న జనమే సోమవారం క్యూలో నిలబడి ఆలస్యమైందని అరిచేవారని నవ్వుతూ చెబుతాడు. జిల్లా జట్టులో పేరు రాని పిల్లవాణ్ణి పక్కన కూచోబెట్టుకుని ఇలాంటివే చెబుతుంటాడు. అది ప్రసంగంలా ఉండదు, నీళ్ళు తాగుతూ, పట్టీ కట్టుకుంటూ చెప్పే కబురులా ఉంటుంది.

ఇంకో పేచీ ఉంది, ఇది కొంచెం ఇబ్బందికరమైనది. మనకు కావలసింది ఏ రకం మంచితనం? బడులు పిలిపించి చెప్పించే మంచితనమంతా విధేయతే. టైముకు రా, ఎదురు చెప్పకు, కష్టపడు. ఆటల్లో అంతకన్నా పెద్ద గుణాలు చూపించిన మనుషులు మన కళ్ళ ముందే ఉన్నారు. 2016 రియోలో కాంస్యం తెచ్చిన సాక్షి మలిక్ 2023లో సాటి మల్లయోధులతో కలిసి, లైంగిక వేధింపుల ఫిర్యాదులు పట్టించుకోమని ఢిల్లీలో రోడ్డు మీద కూచుంది. ఏడాది చివర్లో విలేకరుల ముందు బూట్లు బల్ల మీద పెట్టి కుస్తీ వదిలేసింది. ఆమె రిటైర్డ్ క్రీడాకారిణే. తప్పును తప్పని చెప్పడానికి పతకం, ఉద్యోగం, ఆట అన్నీ పణంగా పెట్టడం కన్నా నడవడి పాఠం ఇంకేముంటుంది? మన ఊళ్ళో ఎన్ని స్కూళ్ళు ఆమెను పిలుస్తాయి? పిలిస్తే, పొద్దున్నే లేవండి అని మాత్రమే చెప్పమంటాయా?

బ్యాడ్మింటన్ కోచ్ గోపీచంద్ విషయంలోనూ ఇంతే. 2001లో ఆల్ ఇంగ్లండ్ టోర్నీ గెలిచాక కూల్‌డ్రింక్ ప్రకటన వద్దన్నాడు, తాను తాగనిది పిల్లలకు అమ్మనన్నాడు. అకాడమీ కోసం ఇల్లు తాకట్టు పెట్టాడు. ఇవి స్కూలు పుస్తకాలకు ఎక్కదగ్గ ముచ్చట్లు, నిజమైన ముచ్చట్లు. అదే గోపీచంద్ 2025 ఫిబ్రవరిలో, ఇంట్లో డబ్బున్నవాళ్ళు కాకపోతే పిల్లల్ని ఆటల్లోకి పంపవద్దని తల్లిదండ్రులకు చెప్పాడు. ఆడి మానేసినవాళ్ళకు ఈ దేశంలో బతుకు దొరకడం లేదని ఆయన బాధ. గచ్చిబౌలిలో ఒలింపిక్ పతకాలు తయారుచేసిన మనిషి నోట ఆ మాట రావడానికి ఎంత నిజాయితీ కావాలో ఆలోచించండి. మొదటి ముచ్చటను ఫ్లెక్సీ వేస్తాం, రెండోదాన్ని మింగేస్తాం. నాకు రెండూ ఒకే మనిషి గుణంలా కనిపిస్తాయి.

ఆ మాటకే వస్తాను, ఎందుకంటే నా వాదన కూడా అక్కడే డబ్బు దగ్గర ఆగుతుంది. సింధు, సానియా, లక్ష్మణ్ ఏడాది పొడుగునా మీ స్కూల్లో విజిల్ ఊదరు. వాళ్ళను అడగడం లేదు. రాష్ట్రానికి, యూనివర్సిటీకి, రైల్వేకి ఆడి ముప్పైల్లో ఆపేసినవాళ్ళు ఈ ఊళ్ళో గల్లీకొకరు ఉంటారు. ఖో-ఖో, వాలీబాల్, హ్యాండ్‌బాల్, పరుగులు. ఆడవాళ్ళైతే పెళ్ళి తర్వాత గ్రౌండు ముఖం చూడనివాళ్ళు చాలామంది. వాళ్ళను తిరిగి రప్పిస్తే ఇంకో లాభం, సాయంత్రం కోచ్ మేడం ఉందంటే ఆడపిల్లల్ని పంపడానికి ఇళ్ళలో జంకు తగ్గుతుంది.

రప్పించేది ఎక్కడికి? 2024లో తెలంగాణ ప్రభుత్వం టీచర్ల నియామకానికి ఇచ్చిన డీఎస్సీ నోటిఫికేషన్‌లో మొత్తం 11,062 పోస్టులు. అందులో పీఈటీ, అంటే వ్యాయామం టీచర్ల, పోస్టులు 182. ప్రైవేటు సంగతి చెప్పనక్కర్లేదు. అపార్ట్‌మెంటు లాంటి భవనంలో నాలుగంతస్తులు, సెల్లార్‌లో బస్సులు, టెర్రస్ మీద రేకుల కింద 'ఇండోర్ ప్లే ఏరియా'. పీఈటీ సారు ఉన్నా ఆయన పని అసెంబ్లీలో లైన్లు సరిచేయడం, జడలు వేసుకోని అమ్మాయిల్ని, షూ పాలిష్ లేని అబ్బాయిల్ని పట్టుకోవడం. పరీక్షలు దగ్గరపడితే గేమ్స్ పీరియడ్‌ను లెక్కల మేడం తీసుకుంటుంది. ఆటే లేని బడికి ఆటగాణ్ణి పిలిచి క్రీడాస్ఫూర్తి చెప్పించుకోవడం, పొయ్యి లేని ఇంటికి వంటమనిషిని పిలిచినట్టు.

నా ప్రతిపాదన మరీ పెద్దదేం కాదు. స్పోర్ట్స్ డే అతిథి ఖర్చు, ఫ్లెక్సీలు, షామియానా, వర్క్‌షాప్ ఫీజు కలిపి, దానికి ఇంకొంత వేసి, ఒక మాజీ ఆటగాడికో ఆటగత్తెకో ఏడాది జీతం ఇవ్వండి. గ్రౌండు లేకపోతే దగ్గర్లోని మున్సిపల్ గ్రౌండును నాలుగు స్కూళ్ళు కలిసి వాడుకోండి. ఆ మనిషిని గెలిచిన కప్పులతో కొలవవద్దు. కప్పులతో కొలిస్తే ఆయన కూడా బాగా ఆడే పదకొండు మందిని తీసుకుని మిగతా వందమందిని గట్టు మీద కూచోబెడతాడు, కోచ్‌కు అది చాలా తేలిక. గట్టు మీద ఎంతమంది కూచున్నారు అన్నదాన్నే లెక్కపెట్టండి.

ఒక షరతు కూడా ఉంది, దీన్ని దాటవేస్తే నా వాదన నేనే ఒప్పుకోను. దేశానికి ఆడాడు కదా అని ఎవరినీ గుడ్డిగా నమ్మి పిల్లల్ని అప్పగించవద్దు. కోచ్‌కు పిల్లల మీద ఉండే పట్టు మామూలు టీచరుకు ఉండదు. జట్టులో ఉంచడం, తీసేయడం ఆయన చేతిలో పని. ఒంటి మీద చెయ్యి వేసి నేర్పాల్సిన విద్య అది. పోలీసు వెరిఫికేషన్, ప్రాక్టీసులో ఎప్పుడైనా వచ్చి చూసే హక్కు తల్లిదండ్రులకు, ఫిర్యాదు చేయడానికి కోచ్‌కు సంబంధం లేని మనిషి, ఇవి లేకుండా మొదలుపెట్టకూడదు. పిల్లల మీద లైంగిక నేరాల్ని శిక్షించే పోక్సో చట్టం 2012లోనే వచ్చింది, పతకాలకు మినహాయింపు ఏమీ ఇవ్వలేదు. నిజంగా మంచి కోచ్ దీనికి నొచ్చుకోడు. నొచ్చుకుంటే అదీ ఒక సమాచారమే.

నాకు తెలిసిన ఒక కరస్పాండెంట్ గారితో ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, తల్లిదండ్రులు ఫీజు కట్టేది ఐఐటీ ఫౌండేషన్‌కు గానీ కబడ్డీకి కాదన్నాడు. అది నిజం, తప్పు ఆయనది ఒక్కడిదే కాదు. అయినా మీ మిత్రుణ్ణి తీసుకుందాం, బీపీఎడ్, అంటే వ్యాయామ విద్య డిగ్రీ, ఉందా అని అడిగాడు. లేదు. రాష్ట్రానికి ఆడిన ఏళ్ళలో డిగ్రీ గట్టెక్కడమే గగనమైంది ఆయనకు. ఆ అర్హత అడగడం తప్పని నేననను. పిల్లల ఎముకలు, కీళ్ళు, దెబ్బలు, ఎంత వయసుకు ఎంత బరువు అన్నది ఆడినంత మాత్రాన రాదు, చదవాలి. అయితే ముప్పై అయిదు, నలభై ఏళ్ళ మాజీ ఆటగాళ్ళు ఉద్యోగం చేసుకుంటూ చదివే దారి ఒకటి ఉండాలి. ఇప్పుడున్నది రెండేళ్ళ కోర్సు, దానికి పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష, అందులో పరుగు పందెం, గుండు విసరడం లాంటి దేహదారుఢ్య పరీక్షలు.

ఈ సంగతి మిత్రుడికి చెబితే కాసేపు లెక్క వేసుకున్నాడు. "రెండేండ్లు చదువుత అన్నా, అదేం లేదు. గిప్పుడు ఇరవై ఏండ్ల పోరగాళ్ళతోని వంద మీటర్లు ఉరకమంటే, ముందుగాల ఈ మోకాలికి ఎవలన్న కోచింగ్ ఇయ్యాలె."